సీ బుక్కు బీరువాలో, బండి హైవే మీద

కోదాడ నుంచి ఒక టీచరు రాసిన ఉత్తరం ఇది. తన పేరు రాయొద్దన్నారు, బడి పేరు అసలే వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. రోజూ పొద్దున ఏడున్నరకల్లా స్కూటీ తీసి, విజయవాడ హైవే ఎక్కి, రెండు రాష్ట్రాల సరిహద్దులోని పాలేరు వంతెన దాటి, జగ్గయ్యపేట దగ్గర ఒక ప్రైవేటు బడికి వెళ్తారు. ఒక్కో వైపు 20 కిలోమీటర్ల పైమాటే. బండి తెలంగాణది, ఉద్యోగం ఆంధ్రాలో. ఆ బండి కూడా ఆమె పేరు మీద లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మామగారు 2019 దసరాకు తన కోసం కొనుక్కున్నారు. మోకాళ్లు సహకరించక రెండేళ్లకే నడపడం మానేశారు. అప్పటి నుంచి బండి కోడలి చేతిలో ఉంది. భర్తకు హైదరాబాదులో ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకముందే బస్సెక్కుతారు.

గొడవంతా కాగితాల గురించి. 2021లో భర్త బైకు బస్టాండు బయట పెడితే పోయింది. సైడు బాక్సులో ఒరిజినల్ సీ బుక్కు (బండి రిజిస్ట్రేషన్ కాగితం), ఇన్సూరెన్సు, ఆయన లైసెన్సు అన్నీ ఉన్నాయి. కొడుకు ఊళ్లో ఉండడు కాబట్టి స్టేషను చుట్టూ, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగింది మామగారే. బైకు దొరకలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో బండ్ల కాగితాలన్నీ ఆయన బీరువాలోకి వెళ్లిపోయాయి. డ్యూటీలో ఉన్నప్పుడు చిల్లర వేసుకున్న తోలు సంచీలో పెట్టి తాళం వేశారట. కోడలి లైసెన్సు కూడా ఆ సంచీలోనే. ఆమె చేతికి వచ్చినవి జిరాక్సులు, అవీ లామినేషన్ చేయించి.

పోయిన నెల వంతెన దాటాక ఒకచోట చెకింగులో ఆపారు. జిరాక్సు ఇస్తే ఒరిజినల్ ఏదన్నారు. ఫోనులో ఫోటో చూపించబోతే ఫోటో చెల్లదు, యాప్‌లో చూపించమన్నారు. యాప్ లేదు. కానిస్టేబులు తన మెషీన్‌లో బండి నంబరు కొడితే వివరాలు రాలేదట. బండి పక్కకు పెట్టించి, 40 నిమిషాలు నిలబెట్టి, చలానా రాశారు. "సరిగ్గా అప్పుడే మా బడి బస్సు అటు వెళ్లింది. ఏడో తరగతి పిల్లలు కిటికీలోంచి టీచర్, టీచర్ అని చేతులూపారు. నేను హెల్మెట్ తియ్యలేదు" అని రాశారు.

ఇంటికొచ్చి చెబితే మామగారు, "అరగంట నిలబడితే కాళ్లు నొప్పి పుడతాయి, అంతేగా. కాగితం పోతే ఎవరు తెస్తారు?" అన్నారు. భర్త, "నాన్నతో నువ్వే మాట్లాడుకో" అన్నారు. ఆడపడుచు ఒక ఉపాయం చెప్పింది: సీ బుక్కు పోయిందని స్టేషన్లో రాసిచ్చి డూప్లికేటు తీయించుకుంటే నాన్నకొకటి, నీకొకటి ఉంటుంది కదా అని.

చివర్లో ఆమె అడిగింది ఇది: "బండి మీద తిరిగేవాళ్లు అసలు కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలి? ఒంటి మీదా, డిక్కీలోనా, ఇంట్లోనా? నా డ్రెస్సులకు జేబులు కూడా ఉండవు. మామగారి మనసు కష్టపెట్టకుండా నా లైసెన్సు నేను తెచ్చుకునే దారుందా? ఇన్సూరెన్సు గురించి మాత్రం బెంగ లేదు, కొన్నప్పుడే ఐదేళ్లకు కట్టేశారు."

అమ్మా,

మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు మీ ఆఖరి వాక్యం గురించి ఒక చిన్న లెక్క వేద్దాం. బండి కొన్నది 2019 దసరాకు. ఐదేళ్లంటే 2024 దసరా. మీకు బెంగ లేని ఆ ఇన్సూరెన్సు అక్కడితో అయిపోయింది.

ఇది మీ ఒక్కరి ఇంట్లో జరిగే పొరపాటు కాదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా కొనే టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా) ఒకేసారి కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశంతో పద్ధతి వచ్చింది. అంతకుముందు ఏటేటా కట్టేవాళ్లం కాబట్టి ఏడాదికోసారైనా ఆ కాగితం బయటికొచ్చేది. ఇప్పుడు ఐదేళ్లు దాని మొహం చూడక్కర్లేదు. ఆ ఐదేళ్లలో "మనకు ఇన్సూరెన్సు ఉంది" అన్న మాట ఇంట్లో అలవాటైపోతుంది, తేదీ ఎవరికీ గుర్తుండదు. మీ మామగారు తర్వాత మళ్లీ కట్టే ఉంటే మంచిదే. కట్టి ఉంటే మాత్రం మీ చేతికి పాతదాని జిరాక్సు ఎందుకిచ్చారని నా అనుమానం.

కట్టకపోతే ఏమవుతుంది? కేంద్ర చట్టం ప్రకారం ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000, మళ్లీ పట్టుబడితే 4,000 రూపాయల జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది. అదంతా ఒక ఎత్తు. హైవే మీద మీ బండి తగిలి ఎవరికైనా జరగరానిది జరిగితే, పరిహారం కట్టమని ట్రిబ్యునల్ వేలు చూపించేది నడిపిన మీతోపాటు బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి వైపు కూడా. అంటే మీ మామగారి వైపు. ఆర్టీసీలో అన్నేళ్లు నిలబడి సంపాదించుకున్న రిటైర్మెంటు డబ్బు మీదికి వస్తుంది. బీరువాలో ఆయన దాచింది, తన డబ్బుకు కాపలా ఉండడం ఎప్పుడో మానేసిన కాగితం కావచ్చు. ఈ సంగతి ఆయనకు కోపంగా చెప్పకండి. కానీ మిగతా అన్నిటికంటే ముందు చెప్పండి.

ఇక చెకింగు సంగతి. మీకు అవమానం జరిగిన మాట నిజం. ఎండలో 40 నిమిషాలు నిలబెట్టడం మర్యాద కాదు. కాకపోతే జిరాక్సు చెల్లదని ఆ పోలీసు అన్నది మాత్రం తప్పు కాదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతుంది. ఎలా చూపాలన్నది 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 139వది. దాన్ని 2018లో మార్చి కాగితం రూపంలోనైనా సరే, ఎలక్ట్రానిక్ రూపంలోనైనా సరే అన్నారు. డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్నవి ఒరిజినల్స్‌తో సమానమని కేంద్ర రవాణా శాఖ అదే ఏడాది ఆగస్టులో రాష్ట్రాలకు రాసింది. 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో మెట్టు ఎక్కి, అధికారి తన దగ్గరే ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకోగలిగితే కాగితం అడగనే కూడదన్నారు.

మీ లామినేటెడ్ జిరాక్సు ఒరిజినల్ కాగితమూ కాదు, ఎలక్ట్రానిక్ రూపమూ కాదు. ఫోను గ్యాలరీలో ఫోటో కూడా అంతే, అది కాగితానికి తీసిన బొమ్మ. చాలామంది డిజీలాకర్‌లో కూడా ఇదే తప్పు చేస్తారు. ఆ యాప్‌లో రెండు అరలుంటాయి. ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా వచ్చి చేరేవి ఒకటి, మనమే స్కాన్ చేసి ఎక్కించుకునేవి ఇంకొకటి. మొదటి అరలోదే ఒరిజినల్‌తో సమానం. రెండో అరలోది ఉత్త ఫోటో కిందే లెక్క.

మెషీన్‌లో మీ బండి రాకపోవడం గురించి కూడా ఒక మాట. దేశంలో చాలా రాష్ట్రాల బండ్ల వివరాలు కేంద్రం నడిపే వాహన్ అనే చోట చేరాయి. తెలంగాణ చాలా ఏళ్లు అందులో కలవకుండా సొంత పద్ధతిలో నడిచింది. 2016లోనే ఆర్టీఏ ఎం-వాలెట్ తెచ్చి ఫోనులో కాగితాలు చూపించే సదుపాయం ఇచ్చింది కూడా. ఇంట్లో గడియారం సరిగ్గానే నడుస్తుంది, పక్కింటి గడియారంతో మాత్రం కలవదు. కోదాడలోనే తిరిగేవాళ్లకు ఇది సమస్యే కాదు. రోజూ వంతెన దాటే మీకు సమస్య. అందుకే హైదరాబాదులో ఉన్న మీ ఆయనకు చెల్లే సలహా మీకు చెల్లదు. "అన్నీ ఫోనులో ఉన్నాయిలే" అని మీరు నిశ్చింతగా ఉండలేరు.

ఇప్పుడు మీ మామగారి భయం దగ్గరికి వద్దాం. అందులో సగం నిజం. బండితోపాటు ఒరిజినల్ సీ బుక్కు కూడా దొంగ చేతికి వెళ్తే వాడి పని సులువవుతుంది. బండిని ఇంకొకరి పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద యజమాని సంతకం గీకేసి, తెలియనివాడికి సెకండ్‌హ్యాండ్ బండిలా అంటగట్టొచ్చు. పైగా ఫిర్యాదు రాసేటప్పుడు స్టేషన్లో చాసిస్ నంబరు, ఇంజను నంబరు అడుగుతారు. అవి ఉన్న కాగితం బండితోనే పోతే బిక్కమొహం వేయాల్సిందే. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, సెకండ్‌హ్యాండ్ బండి కొని, పాత యజమాని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలను సీ బుక్కుతో కలిపి డిక్కీలో పెట్టుకు తిరిగేవాళ్లను నేనెరుగుదును. బండిని బంగారు పళ్లెంలో పెట్టి దొంగకు ఇవ్వడమే అది.)

మీ మామగారు ఎక్కడ దారి తప్పారంటే, "బండిలో ఉండకూడదు" అన్నది ఆయనకు "ఇల్లు దాటకూడదు" అయిపోయింది. బండికీ బీరువాకూ మధ్య మనిషి అంటూ ఒకరు ఉన్నారు కదా. ఆ మనిషి మీరు. పోనీ, బీరువా అయినా అంత భద్రమా? 2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలు మీ ఊరు మరిచిపోయి ఉండదు. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు డిక్కీల్లో కాగితాలూ నానాయి, బీరువాల్లో కాగితాలూ నానాయి.

నా పద్ధతి చెబుతాను, ముప్ఫై ఏళ్ల బండి అనుభవంలో దెబ్బలు తిని నేర్చుకున్నది. పోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సినది ఒంటి మీద ఉండాలి. పోతే పది రూపాయలు పెట్టి ప్రింటు తీసుకోగలిగినది బండిలో ఉండొచ్చు.

ఆ లెక్కన లైసెన్సు ఎప్పుడూ మీతోనే. అది బండికి చెందినది కాదు, మీరు రేపు వేరే బండి నడిపినా అదే లైసెన్సు. దాన్ని డిక్కీలో పెడితే బండిని సర్వీసింగుకు ఇచ్చిన రోజు మెకానిక్కు దగ్గర ఉంటుంది, పోలీసులు ఎత్తుకెళ్లిన రోజు స్టేషన్లో ఉంటుంది. మీ ఆయన 2021లో చేసిన తప్పు అదే. వెనక జేబూ మంచిది కాదు. నా స్మార్ట్ కార్డు పర్సులో ఉండి, నేను దాని మీద కూర్చుని కూర్చుని, ఒకనాడు రెండు ముక్కలై బయటికొచ్చింది.

మీకు జేబులే లేవన్నారు. చొక్కా జేబున్న మగవాళ్లు రాసే సలహాల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు. హ్యాండ్‌బ్యాగు ఉందిగా అంటారు. హ్యాండ్‌బ్యాగును స్కూటీ ముందు కొక్కేనికి తగిలించి హైవే మీద వెళ్లేవాళ్లను ఎందరిని చూశానో. బైకు మీద ఇద్దరు వచ్చి దాన్ని లాక్కుంటే లైసెన్సుతోపాటు ఇంటి తాళం, ఇంటి అడ్రసు కలిపి అప్పగించినట్టు. మీ బడిలో మెడలో వేసుకునే ఐడీ కార్డు ఇస్తారనుకుంటాను. దాని ప్లాస్టిక్ తొడుగులో కార్డు వెనక లైసెన్సు చక్కగా పడుతుంది. బండి ఎక్కేటప్పుడు దాన్ని చున్నీ లోపలికి వేసుకోండి, గాలికి ఎగరదు. ఐడీ కార్డు లేకపోతే టైలరుకు చెప్పి కుర్తాకు పక్క జేబు పెట్టించుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు, ఆడవాళ్ల బట్టలకు జేబులెందుకు అన్న వాడెవడో గానీ వాడి మీద కసి కూడా తీరుతుంది.

అదే తొడుగులో ఇంకో చీటీ పెట్టండి: మీ బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోను నంబర్లు. మీరు అడగలేదు, అయినా పెట్టండి. ఫోనుకు లాక్ ఉంటుంది, చీటీకి ఉండదు.

ఇన్సూరెన్సు పాలసీ ప్రింటు, పొల్యూషన్ సర్టిఫికెటు డిక్కీలో ఉండొచ్చు. రెండూ మళ్లీ తీసుకోగలిగినవే. అయితే డిక్కీ మనం అనుకున్నంత పొడి చోటు కాదు. వాటర్ సర్వీసింగు చేయించిన ప్రతిసారీ సీటు కింద నీళ్లు చేరతాయి. మే నెలలో బండి ఎండలో పెడితే లోపల కాగితం లామినేషన్ బంక కారి ఒకదానికొకటి అతుక్కుంటుంది. వరండాలో పెట్టే బండ్ల డిక్కీల్లో ఎలుకలు పిల్లల్ని పెట్టడం కూడా చూశాను, మా ఇంట్లోనే. జిప్పున్న ప్లాస్టిక్ సంచీ ఒకటి చాలు. లామినేషన్ వద్దు. అన్నట్టు పొల్యూషన్ సర్టిఫికెటు తేదీ కూడా చూడండి. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు, ఆ తర్వాత మీ 2019 బండి లాంటివాటికి ఏడాదికోసారి తీసుకోవాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

మిగిలింది సీ బుక్కు. మనం ఇంకా బుక్కు అంటున్నాం గానీ ఇప్పుడది ఏటీఎం కార్డంత ఉంటుంది. తగువంతా దాని మీదే కాబట్టి దారులు విడివిడిగా చూద్దాం.

ముందు మీ ఆడపడుచు ఉపాయాన్ని పక్కన పెట్టేద్దాం. డూప్లికేటు కోసం 26వ నంబరు ఫారం ఇవ్వాలి, పోయిందని పోలీసులకు రాసివ్వాలి. బీరువాలో ఉన్నదాన్ని పోయిందని రాసివ్వడం అబద్ధపు ఫిర్యాదు. సంతకం పెట్టాల్సింది యజమాని, అంటే మీ మామగారు. కండక్టరుగా అన్నేళ్లు చెకింగు ఇన్‌స్పెక్టర్లకు లెక్క అప్పజెప్పిన మనిషి చేత ఈ వయసులో దొంగ లెక్క రాయిస్తారా? ఆయన ఒప్పుకోరు, మీరు అడిగినందుకు ఉన్న నమ్మకమూ పోతుంది.

రెండోది, కార్డు బీరువాలోనే ఉంచి ఫోనులో చూపించడం. మామగారికి నొప్పి లేని దారి ఇది. చిక్కు ఏమిటంటే, ఆయన పేరు మీదున్న సీ బుక్కు మీ డిజీలాకర్‌లోకి రాదు. ఆధార్‌లో పేరుకూ కాగితంలో పేరుకూ పొత్తు కుదరాలి. ఆయన ఖాతానే మీ ఫోనులో తెరవాలంటే ఆయన ఆధార్, పాన్ లాంటివన్నీ మీ చేతికి వచ్చినట్టే. కొందరు మామగార్లకు ఫరవాలేదు. కాగితాలకు తాళం వేసే మామగారికి ఫరవాలేదంటారా? పైగా చార్జింగు అయిపోయిన రోజు, సిగ్నలు లేని చోట మళ్లీ మొదటికే వస్తారు. వంతెన అవతలి మెషీన్ సంగతి ముందే చెప్పాను. దీన్ని రెండో రక్షణగా ఉంచుకోండి, ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లకండి.

మీ లైసెన్సును మాత్రం ఈ పద్ధతిలో ఈ రాత్రికే, ఎవరినీ అడక్కుండా మీ ఫోనులోకి తెచ్చుకోవచ్చు. నంబరు మీ దగ్గరున్న జిరాక్సు మీదే ఉంది. ఒక్కచోట ఆగే అవకాశం ఉంది: లైసెన్సు పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉంటే రెండూ కలవవు. మన ఆడపిల్లల్లో సగం మందికి ఇదే తంటా. అలా అయితే ముందు పేరు సరిచేయించుకోవాలి.

మూడోది, కార్డు మీ దగ్గర, దాని కాపీ బీరువాలో. నా మొగ్గు ఇటే. కాపీ అంటే ఉత్తది కాదు, రెండు వైపులా స్పష్టంగా తీసి, చాసిస్, ఇంజను నంబర్లు మామగారి చేత్తోనే ఒక డైరీలో రాయించండి. రెండో తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంచండి. బండి పోయి ఇన్సూరెన్సు డబ్బు అడగాల్సి వస్తే కంపెనీవాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. ఆయన కాపలా కాయడానికి అసలైన పని ఉన్నది అక్కడ. నష్టం లేదని చెప్పను. మీరే పారేసుకోవచ్చు. అప్పుడు నిజంగానే 26వ ఫారం రాయాలి, తిరగాలి, ఆ తిరుగుడు ఈసారి నాదే అని ముందే చెప్పండి.

నాలుగోది మీరు ఊహించనిది. బండిని మీ పేరు మీదికి మార్పించుకోవడం. కాగితం ఎక్కడుండాలన్న తగువు, అది ఎవరి కాగితం అన్న దగ్గర పుట్టింది కాబట్టి చెబుతున్నాను. ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. ఇన్సూరెన్సులో యజమానికి 15 లక్షల ప్రమాద బీమా అని ఒకటి ఉంటుంది. పేరులోనే ఉంది, అది బండి యజమాని తానే నడుపుతున్నప్పుడు, ఆయనకు చెల్లే లైసెన్సు ఉన్నప్పుడు వర్తించేది. మీ ఇంట్లో యజమాని నడపడం లేదు, నడిపేవారు యజమాని కాదు. వేరేవాళ్ల బండి తీసుకుని నడిపిన మనిషి యజమాని స్థానంలోకి వస్తాడని, ఆ బండి బీమా కంపెనీ నుంచే మూడో మనిషిలాగా పరిహారం అడగడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. రోజుకు 40 కిలోమీటర్లు హైవే మీద తిరిగే మీకు ఆ బండి మీద ఏ రక్షణా లేనట్టే. బాధగా ఉన్నా తెలియాలి.

పేరు మార్చడానికి 29, 30 ఫారాలు కావాలి. లోను మీద కొన్న బండైతే బ్యాంకు నుంచి అప్పు తీరిందన్న కాగితం కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే ఇచ్చినవారు 14 రోజుల్లో, తీసుకున్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లో. పని కష్టం కాదు, మాట కష్టం. ఆయన సొంత డబ్బుతో, రిటైరైన ఆనందంలో కొనుక్కున్న బండి అది. నడపలేకపోయినా నాది అని చెప్పుకునే వస్తువు. దాన్ని రాసివ్వమనడం ఆయనకు ఎలా వినిపిస్తుందో నాకంటే మీకే తెలుసు. అది వద్దనుకుంటే బండి ఆయన పేరు మీదే ఉంచి, మీ పేరున విడిగా ఒక ప్రమాద బీమా పాలసీ తీసుకోండి. రక్షణ విషయంలో చాలావరకు పని జరుగుతుంది, ఆయన బండి ఆయనకే ఉంటుంది. మీ సీ బుక్కు తగువు మాత్రం తీరదు.

ఎలా మాట్లాడాలన్నారు. మీ ఉత్తరంలో మీ మామగారు నాకు చెడ్డవారుగా అనిపించలేదు. కొడుకు బైకు పోయినప్పుడు ఒంటరిగా ఆఫీసులు తిరిగిన మనిషి ఆయన. అప్పుడు ఆయనతో ఎవరైనా వెళ్లారా? ఆ తిరుగుడు ఎలా జరిగిందో ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? మొదట అది అడగండి. తర్వాత చెకింగు మాట ఎత్తండి. చెకింగ్ అంటే ఏమిటో ఈ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మధ్య దారిలో స్క్వాడు ఎక్కితే టికెట్లు, డబ్బు, లెక్క రాసిన కాగితం అన్నీ ఒంటి మీదే ఉండాలి, డిపోలో భద్రంగా ఉన్నాయండీ అంటే కుదరదు. "మీరు ఏ రోజైనా టికెట్ల ట్రే ఇంట్లో పెట్టి డ్యూటీకి వెళ్లారా మామయ్యా?" అని అడగండి. నవ్వుతూ అడగండి. పిల్లల ముందు తల దించుకున్న సంగతి కూడా చెప్పండి. బస్సు నిండా జనం చూస్తుండగా అనుమానించబడ్డ కండక్టరుకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం బేరం వద్దు. సీ బుక్కు ఆయనది, దాని మీద ఆయన మాట చెల్లుతుంది. లైసెన్సు మీది. దాన్ని ఆయన దాచడంలో ఎంత ప్రేమ ఉన్నా, అది మీ చేతికి రావాల్సిందే. లైసెన్సు లేకుండా నడిపినందుకు కేంద్ర చట్టంలో ఉన్న జరిమానా 5,000 రూపాయలు. ఉండి కూడా చూపలేక ఆ మాట పడటం దేనికి?

మీ వారికి కూడా ఒక మాట. నాన్నతో నువ్వే మాట్లాడుకో అనడం ఈ విషయంలో కుదరదు. బీరువాకు తాళం పడింది తన బైకు వల్ల. తన లైసెన్సును సైడు బాక్సులో పెట్టింది తను. ఆదివారం ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ముగ్గురూ కూర్చుని ఆ తోలు సంచీ తీయించండి. సీ బుక్కు మాట తర్వాత, మొట్టమొదట ఇన్సూరెన్సు కాగితం మీద తేదీ చూడండి. గడువు దాటిపోయి ఉంటే కొత్తది కట్టి, పాలసీ చేతికి వచ్చేదాకా బండి వరండాలోనే ఉండనివ్వండి. కోదాడ నుంచి జగ్గయ్యపేటకు బస్సులకు కొదవలేదు. రెండు రోజులు మామగారి ఆర్టీసీలోనే వెళ్లండి.